నడిసముద్రంలో నెక్‌టై

మా అక్క అత్తగారికి డెబ్బై నాలుగేళ్లు. డాలస్ నుంచి గాల్వెస్టన్ రేవుకి కార్లో వెళ్లి, అక్కడ ఓడెక్కి, ఏడు రాత్రుల క్రూయిజ్‌కి బయల్దేరిన మా బృందంలో బట్టల గురించి ఏ బెంగా లేని మనిషి ఆవిడొక్కరే. సూట్‌కేసులో ఆరు చీరలు, అందులో ఒకటి కంచిపట్టు. రెండో రోజు రాత్రి ‘ఫార్మల్ నైట్’ అని క్యాబిన్లో పెట్టిన కాగితం చెప్పింది. ఆవిడ ఆ కంచిపట్టు కట్టుకుని, కింద వాకింగ్ షూస్ అలాగే ఉంచుకుని, డైనింగ్ రూమ్‌కి నడిచొచ్చారు. గుమ్మంలో హెడ్ వెయిటర్ వంగి మరీ నమస్కారం పెట్టాడు. ఆవిడ వెనకాలే వస్తున్న మా మేనల్లుడి మోకాళ్ల దగ్గరకొచ్చేసరికి అతని చూపు ఆగిపోయింది.

“సర్, ఈ రాత్రి పైడెక్కు మీద బఫే చాలా బాగుంటుంది” అన్నాడు. లోపలికి రావద్దనే మాటని ఇంత తియ్యగా చెప్పడం నేనెక్కడా వినలేదు.

మావాడు కాలేజీలో రెండో ఏడు. “డబ్బులిచ్చి వెకేషన్‌కొచ్చి, అన్నానికి మళ్లీ యూనిఫారమా మావయ్యా?” అన్నాడు. పక్క వరుసలో నల్ల సూటు, బో టై వేసుకున్న ఒక పెద్దాయన, తానూ డబ్బులిచ్చే వచ్చానన్నట్టు, వాడి మోకాళ్ల వంకే చూస్తున్నాడు. వాదమంతా ఆ ఇద్దరి మధ్యనున్న పదడుగుల్లోనే ఉంది.

ఇంత చిన్న విషయానికి అంత పట్టుదల ఎందుకా అనిపించొచ్చు. ఊళ్లో ఒక హోటల్‌వాడు షార్ట్స్ వేసుకుంటే రానివ్వనంటే ఎదురు హోటల్‌కి పోతాం, మర్చిపోతాం. ఓడలో ఎదురుగా ఉండేది సముద్రం. వారం రోజుల పాటు అదే వంట, అవే గదులు, అవే మొహాలు. నియమం నచ్చకపోయినా అక్కడే తినాలి, పక్కవాడి బనీను నచ్చకపోయినా అక్కడే తినాలి. అందుకే ఒడ్డున అయిదు నిమిషాల్లో తేలిపోయే తగువు అక్కడ కొన్ని దశాబ్దాలుగా నలుగుతోంది.

నిజానికి ఈ నియమాన్ని కనిపెట్టింది ఓడలు కావు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో డబ్బున్నవాళ్లు రాత్రి భోజనానికి ఇంట్లో కూడా బట్టలు మార్చుకునేవారు. వాళ్లే ఫస్ట్ క్లాసు టికెట్టు కొనుక్కుని ఓడెక్కారు, అలవాటు కూడా వాళ్లతోనే ఎక్కింది. 1912లో టైటానిక్ మీద భోజనాల వేళయిందని బూరా ఊదడానికే ఒక మనిషి ఉండేవాడు. ఆ బూరా వినబడేసరికి ఫస్ట్ క్లాసు మగవాళ్లు కోట్లలోకి, ఆడవాళ్లు పొడుగు గౌన్లలోకి మారి దిగేవారు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన మినహాయింపు ఒకటుంది. ఆ పెద్ద ఓడల్లో మొదటి రాత్రీ, చివరి రాత్రీ ఎవరూ ముస్తాబవక్కర్లేదు. కారణం మర్యాదా కాదు, సంప్రదాయమూ కాదు, పెట్టెలు. మొదటి రాత్రికి ట్రంకులింకా విప్పి ఉండవు, చివరి రాత్రికి అప్పటికే సర్దేసి ఉంటాయి. ట్రంకుల మీద రెండు రకాల చీటీలుండేవి: ప్రయాణంలో కావలసినవి ఒక రకం, అక్కర్లేనివి ఇంకో రకం. అక్కర్లేనివి ఓడ అడుగునున్న కొట్లోకి, కావలసినవి పైకి. ఎంత గొప్ప నియమమైనా కూలీవాడి వీపు దగ్గర కాస్త తల వంచిందన్నమాట.

వాతావరణం దగ్గర ఇంకొంచెం వంచింది. ఇంగ్లండు నుంచి మన దేశానికొచ్చే పి అండ్ ఓ ఓడలు సూయెజ్ దాటి ఎర్రసముద్రంలోకి వచ్చేసరికి, ఏసీల్లేని ఆ కాలంలో, ఉన్ని కోటు వేసుకుని సూప్ తాగడమంటే ఆవిరి స్నానమే. అప్పుడు ‘రెడ్ సీ రిగ్’ అని ఒక వేషం పుట్టింది. డిన్నర్ సూటే, కోటు మాత్రం ఉండదు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నడుముకి పట్టు పట్టీ, అంతే. గల్ఫ్ దేశాల్లో దొరల విందుల్లో ఆ పేరు ఈనాటికీ వినిపిస్తుంది. నియమం తీసేశామని ఎవరూ ఒప్పుకోలేదు చూడండి. కోటు విప్పేశారు, విప్పడానికే ఒక పేరు పెట్టి దాన్నీ నియమం చేశారు.

(ఈ ఓడల గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. వెళ్లేటప్పుడు ఎడమవైపు, వచ్చేటప్పుడు కుడివైపు నీడపట్టు క్యాబిన్లు ఖరీదెక్కువనీ, ఆ ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలే కలిసి ‘పాష్’ అయిందనీ. కథ బాగుంది. రుజువు మాత్రం ఎవరికీ దొరకలేదు.)

ఈనాడు అన్నిటికన్నా బిగుసుకుపోయిన వేషంగా కనిపించే టక్సీడో సంగతి మరీ చిత్రం. పుట్టినప్పుడు అది ఒళ్లు సడలించుకునే బట్ట. అసలు మర్యాద వేషం వెనక తోకలు వేలాడే పొడుగు కోటు. ఆ తోకలు కత్తిరించి, సొంత మనుషుల మధ్య తేలిగ్గా ఉంటుందని పొట్టి కోటు వేసుకోవడం మొదలెట్టారు. అమెరికాలో అది న్యూయార్క్ దగ్గరి టక్సీడో పార్క్ క్లబ్బులో 1880ల్లో బాగా వాడుకలోకొచ్చి, ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. ఆ రోజుల్లో పొట్టి కోటుతో భోజనానికొచ్చిన కుర్రాణ్ని చూసి ఏ పెద్దమనిషి ఎలా మొహం పెట్టుంటాడో నేనూహించగలను. అదే మొహం గాల్వెస్టన్ ఓడలో, పక్క వరుసలో చూశాను.

పాత ఏర్పాటులో ఒక తర్కం ఉండేది, అది బట్టలది కాదు, బల్లలది. ప్రయాణం పొడుగునా మీ బల్ల ఒకటే, వేళ ఒకటే. అదే ఎనిమిది మంది, అంతకుముందు ముక్కూ మొహం తెలియనివాళ్లు, రోజూ రాత్రి మీ ఎదుట. ఒకరింటికి భోజనానికి వెళ్లినట్టే లెక్క. మన బంతి భోజనాల్లో పక్కవాడి ఆకు ఖాళీ కాకుండా లేవకూడదన్నది ఎలాంటి మర్యాదో, అక్కడ కోటు అలాంటిది.

ఆ బల్ల కదిలిపోయింది. 1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాక అవతలి ఒడ్డుకి చేరడానికి ఓడ అక్కర్లేకపోయింది. మిగిలింది సరదా. 1972లో కార్నివాల్ కంపెనీ ఒక పాత ఓడ కొని, మార్డి గ్రా అని పేరు పెట్టి మయామి నుంచి పంపితే, మొదటి ప్రయాణంలోనే అది రేవు బయట ఇసుకలో కూరుకుపోయింది. అయినా ‘ఫన్ షిప్’ అన్న ఆలోచన మాత్రం తేలింది. 2000లో నార్వేజియన్ కంపెనీ ‘ఫ్రీస్టైల్’ అంటూ కట్టుబల్లలూ కట్టువేళలూ తీసేసి, ఇష్టమున్నప్పుడు ఇష్టమున్నచోట తినమంది. తన కుటుంబంతో తాను తింటున్నవాడు ఎవరి కోసం టై కట్టుకోవాలి?

దెబ్బ వేసిన ఇంకో చెయ్యి విమాన కంపెనీలది. 2008లో అమెరికా విమానాలు సూట్‌కేసుకి విడిగా డబ్బు వసూలు చెయ్యడం మొదలెట్టాయి. ఓడెక్కడానికి ముందు విమానమెక్కాల్సినవాడు, రెండు రాత్రుల కోసం సూటూ నల్లబూట్లూ మోసుకుపోవాలంటే లెక్క చూసుకుంటాడు. సౌతాంప్టన్ నుంచి ఎక్కే ఇంగ్లీషువాడికి ఈ బాధ లేదు. కారు డిక్కీ నిండా సర్దుకుని రేవుకే వస్తాడు. ఇంగ్లీషువాళ్లకి సంప్రదాయాల మీద గౌరవమెక్కువ అనేవాళ్లు డిక్కీ కొలత కూడా ఓసారి చూడాలి. మేమూ కార్లోనే వచ్చాం కదా, మావాడి ప్యాంటేమైందని మీరడగొచ్చు. ఆ చోటులో వాళ్లమ్మ కారప్పొడి, కందిపొడి, రెండు రైస్ కుక్కర్లూ పెట్టింది. కుక్కర్లు ఓడవాళ్లు గేటు దగ్గరే తీసి పక్కన పెట్టేశారు. ప్యాంటు డాలస్‌లోనే ఉండిపోయింది.

2015 ప్రాంతానికి కంపెనీలు ‘ఫార్మల్’ అన్న మాటే మింగేయడం మొదలెట్టాయి. సెలబ్రిటీ దాన్ని ‘ఈవెనింగ్ షిక్’ అంది, హాలండ్ అమెరికా ‘గాలా’ అంది, కార్నివాల్‌ది ‘క్రూయిజ్ ఎలిగెంట్’. నా ఉద్దేశంలో అసలు చిక్కు ఇక్కడుంది. ‘కోటు, టై ఉండాలి’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ‘షిక్’ అంటే ఏమిటో ఫ్రెంచివాళ్లే తేల్చుకోలేదు. ఒకడు అందులో తన కొత్త జీన్సుని చూసుకుంటాడు, ఇంకొకడు తన బో టైని. ఇద్దరూ ఒకే కాగితం చదివి, ఒకే గుమ్మం దగ్గరికొచ్చి, ఎదుటివాడు నియమం తప్పాడని నమ్ముతారు. గుమ్మంలో ఉన్న హెడ్ వెయిటర్‌కి ఆ మాటకి అర్థం చెప్పే బాధ్యత కంపెనీ ఇచ్చింది, అధికారం మాత్రం ఇవ్వలేదు. టిప్పు మీద బతికేవాడు అతిథితో తగువు పెట్టుకోడు. అందుకే ఒకడికి బఫే తియ్యదనం వివరిస్తాడు, వాడి తర్వాత వచ్చిన నలుగురిని చూడనట్టు ఊరుకుంటాడు. సూటువేసుకున్న పెద్దాయనకి కోపం ఆ నలుగురి మీద, మావాడికీ కోపం ఆ నలుగురి మీదే.

మాట ఎందుకు మెత్తబడిందంటే, రెండు రకాలవాళ్లకీ టికెట్లు అమ్మాలి గనక. సాయంత్రం ఆరు దాటాక బట్టల విషయంలో అందరికన్నా గట్టిగా ఉండే పేరు క్యునార్డ్. 1840 నాటి కంపెనీ. ఇప్పటికీ క్వీన్ మేరీ 2 మీద గాలా రాత్రుల్లో మగవాళ్లు టక్సీడోనో, టై కట్టిన ముదురు రంగు సూటో వేసుకోవాలంటుంది. ఇష్టం లేనివాళ్లకి బఫే, ఇంకొన్ని గదులూ వదిలిపెడుతుంది. దీనికి పూర్తి అవతలి గట్టు కార్నివాల్, మామూలు రాత్రుల్లో మర్యాదైన షార్ట్స్‌తో డైనింగ్ రూమ్‌కి రానిచ్చేది. అయితే 1998 నుంచి క్యునార్డ్ కూడా కార్నివాల్ కార్పొరేషన్ చేతిలోదే. హాలండ్ అమెరికా అంతకుముందే వాళ్లది, ప్రిన్సెస్సూ పి అండ్ ఓ క్రూయిజెస్సూ 2003లో వచ్చి కలిశాయి. టై కట్టించే చెయ్యీ, విప్పించే చెయ్యీ ఒకటే. బో టై వీరులూ షార్ట్స్ వీరులూ ఏ పక్కన చేరి పోరాడినా, లాభం ఒకే ఖాతాలో పడుతుంది.

ఇక వాదాల సంగతి. సూటు పక్షం చెప్పేది తీసిపారేసేది కాదు. ఆ గదికి అందం షాండిలియర్ వల్లా, తెల్లటి బల్లగుడ్డల వల్లా మాత్రమే రాదు, కూర్చున్న మనుషుల వల్లా వస్తుంది, నేను కొన్నది ఆ దృశ్యాన్ని కూడా, అంటారు. నిజమే. కానీ ఆ దృశ్యంలో వేషం కట్టాల్సింది పక్కవాడు, పైగా వాడూ టికెట్టు కొన్నవాడే. నాటకంలో పాత్రలు డబ్బిచ్చి వేషం వెయ్యడం అమ్మవారి జాతర్లలో ఉందేమోగానీ మామూలుగా ఉండదు. షార్ట్స్ పక్షం చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది: నా బట్టలు నీ సూప్‌లో పడటం లేదు కదా. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఒక్క సందేహం తప్ప. నలభై డిగ్రీల ఎండలో ఈతకొలను దగ్గర పడుకుని లేచి, అదే తడి బట్టతో కుర్చీలో కూర్చుంటే, తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాడి మాటేమిటి?

ఇద్దరూ మర్చిపోయే మూడో మనిషి ఒకడున్నాడు. అతిథి షార్ట్స్‌లో ఉన్నా, సూటులో ఉన్నా, వడ్డించేవాడికి మాత్రం ప్రతి రాత్రీ వెయిస్ట్‌కోటు తప్పదు. అతనికి ‘ఫ్రీస్టైల్’ ఏ సంవత్సరమూ రాలేదు.

నియమాలు మగవాళ్లకి గజం బద్దతో కొలిచినట్టుంటాయి: కాలరుండాలి, చేతులుండాలి, బూటు మూసుండాలి. ఆడవాళ్లకి ‘అందమైన దుస్తులు’ అని ఒక్క మాట. మగవాడి కాలివేళ్లు కనిపిస్తే అనర్థం, ఆడవాళ్లవి కనిపిస్తే అలంకారం. ఈ అన్యాయంలో ఒక్క వెసులుబాటు మనకి పనికొస్తుంది. క్యునార్డ్ లాంటి గట్టివాళ్లు కూడా జాతీయ దుస్తుల్ని ఫార్మల్ కింద ఒప్పుకుంటారు. స్కాట్లండువాడు గళ్లలంగాతో, అదీ మోకాళ్లు కనబడుతూ, దర్జాగా లోపలికెళ్తాడు. జరీ పంచె కట్టుకుంటే మనవాడూ వెళ్లొచ్చు. ఒడ్డున పరిస్థితి ఇంకా విడ్డూరంగా ఉండేది. చెన్నైలో ఒక క్లబ్బు పంచె కట్టుకొచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని గుమ్మంలోనే ఆపేస్తే, 2014లో తమిళనాడు ఏకంగా చట్టమే చెయ్యాల్సొచ్చింది. పంచె కట్టుకున్నవాణ్ని అడ్డుకుంటే ఏడాది జైలు, పాతిక వేల జరిమానా అని.

మనకి భోజనాల దగ్గర బట్టల నియమాలు కొత్తేమీ కాదు. మడి కట్టుకున్న ఇంట్లో చొక్కాతో పీట మీద కూర్చోనిచ్చేవారు కారు. వాళ్లు కోటు తొడిగి తినమన్నారు, మనం చొక్కా విప్పి తినమన్నాం. 2022 జూన్‌లో విశాఖ రేవుకి కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ ఓడ వచ్చినప్పుడు మనవాళ్లు ఎక్కువగా అడిగిన ప్రశ్న టై గురించి కాదని నా నమ్మకం. శాకాహారం విడిగా వండుతారా అని అడిగుంటారు. మన మడి బట్టలోంచి గరిటెలోకి మారింది.

ఆ రాత్రి మావాడు బఫేకి వెళ్లలేదు. క్యాబిన్‌కి వెళ్లి, వాళ్ల నాన్న నిద్రకి తెచ్చుకున్న తెల్ల పైజమా, లాల్చీ వేసుకొచ్చాడు. హెడ్ వెయిటర్ “వెల్‌కమ్ సర్” అని కుర్చీ లాగాడు. మెట్ల దగ్గర తెర కట్టుకుని కూర్చున్న ఓడ ఫొటోగ్రాఫరు మామ్మగారిని, మనవణ్ని నిలబెట్టి మూడు ఫొటోలు తీశాడు. మర్నాడు వాటి ధర చూసి మా బావగారు, ఫార్మల్ నైట్లు ఇంకా ఎందుకు మిగిలున్నాయో ఇప్పుడు తెలిసిందన్నారు.

చివరి రాత్రి పెట్టెలన్నీ పడుకోబోయే ముందు క్యాబిన్ బయట పెట్టేయమన్నారు, పొద్దున్న రేవులో తీసుకోవచ్చని. బావగారు శ్రద్ధగా అన్నీ సర్దేశారు, చెప్పులతో సహా. తెల్లారి చూసుకుంటే గదిలో మిగిలినవి ఒంటిమీది షార్ట్స్, టీషర్టు, మంచం కింద ఫార్మల్ నైట్ నాటి నల్ల తోలుబూట్లు. నిగనిగలాడే ఆ బూట్లతోనే, మోకాళ్లు చూపిస్తూ, గాల్వెస్టన్ రేవులో దిగారు. గుమ్మంలో నిలబడ్డ హెడ్ వెయిటర్ ఆయన్ని కిందనుంచి పైదాకా ఓసారి చూసి, చెయ్యూపాడు.