తెలుగు పరిశోధనలో అంతర్జాల శోధన: ఉస్మానియా సిద్ధాంత గ్రంథాల ఉదాహరణతో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
తెలుగు సాహిత్య పరిశోధకులు శోధన యంత్రాలను విరివిగా వాడుతున్నారు. అయితే తెలుగు పదాల రూపభేదాలు, లిపి సంకేతీకరణ, ప్రతిబింబ గ్రంథాల వల్ల ఉన్న ఆధారం కూడా కనిపించకుండా పోతుంది. ఈ సమస్యలను, వాటిని అధిగమించే పద్ధతులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: శోధన యంత్రం, యూనికోడ్, సిద్ధాంత గ్రంథం, శోధ్‌గంగ, ఉస్మానియా విశ్వవిద్యాలయం.

1. ఉపోద్ఘాతం:
పూర్వ పరిశోధనల సమీక్షలో తరచుగా కనిపించే వాక్యం 'ఈ అంశంపై ఇంతవరకు పరిశోధన జరగలేదు' అన్నది. ఉస్మానియా ప్రాంగణంలోనో, పక్కనే ఉన్న తార్నాకలోని అద్దె గదిలోనో కూర్చుని, ఫోనులో రెండు మాటలు టైపు చేసి, ఫలితాలు రాకపోతే ఆ వాక్యం రాయడం నేడు సులభం. అది తప్పని మౌఖిక పరీక్షలో తేలితే కొన్నేళ్ల శ్రమ ప్రశ్నార్థకమవుతుంది. కాబట్టి శోధన ఎలా జరుగుతుందో తెలుసుకోవడం పరిశోధన పద్ధతిలో భాగమే.

2. శోధన యంత్రం పనితీరు:
శోధన యంత్రం ముందుగా వెబ్ పుటలను సేకరిస్తుంది. వాటిలోని పదాలతో సూచిక తయారు చేసుకుంటుంది. అడిగిన పదాలకు సరిపోయే పుటలను ఆ సూచిక నుండి తీసి, ప్రాధాన్య క్రమంలో చూపుతుంది. పుస్తకం చివర ఉండే పదసూచిక వంటిదే ఇది. సూచికలోకి ఎక్కని పుట లోకంలో ఉన్నా శోధనలో లేనట్టే.

3. పదరూపాల సమస్య:
ఉస్మానియాలో తెలుగులో తొలి పిహెచ్.డి. పొందిన బిరుదురాజు రామరాజు సిద్ధాంత గ్రంథం 'తెలుగు జానపద గేయ సాహిత్యము'. అదే విశ్వవిద్యాలయం నుండి 1962లో పిహెచ్.డి. పొందిన సి. నారాయణరెడ్డి గ్రంథం 'ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు'. నేటి విద్యార్థి 'ఆధునిక తెలుగు కవిత్వం' అని వెతుకుతాడు. ఆ మూడు మాటల్లో ఒక్కటి కూడా గ్రంథనామంలో ఉన్న రూపంలో లేదు. 'ఆధునిక', 'ఆంధ్ర' సంధి వల్ల ఒకే పదమయ్యాయి. 'కవిత్వం' స్థానంలో 'కవిత్వము' ఉంది. 'సంప్రదాయము'ను 'సాంప్రదాయము' అని రాసిన పుటలూ ఉంటాయి. యంత్రం కొన్ని భేదాలను తానే సరిదిద్దినా, అన్నిటినీ పట్టుకోలేదు.

వ్యక్తినామాలదీ ఇదే స్థితి. నారాయణరెడ్డి, నారాయణ రెడ్డి, సినారె, రామరాజు, బి. రామరాజు. విభక్తి ప్రత్యయాలు చేరితే రూపం మళ్లీ మారుతుంది: గేయం, గేయాలు, గేయాలలో. అందువల్ల శోధనకు ముందే రూపాంతరాల పట్టిక రాసుకోవాలి. కొన్ని గ్రంథాల వివరాలు రోమన్ లిపిలో మాత్రమే నమోదై ఉంటాయి కాబట్టి ఆ రూపాలనూ పట్టికలో చేర్చాలి.

4. లిపి సమస్య:
తెలుగు లిపికి 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే స్థానం లభించింది. అయినా యూనికోడేతర ఖతులతో కూర్చిన పుస్తకాలు చాలాకాలం వెలువడ్డాయి. వాటి పీడీఎఫ్ కంటికి తెలుగుగా కనిపించినా, యంత్రానికి అర్థం లేని గుర్తులుగానే అందుతుంది. స్కాన్ చేసిన పాత పుస్తకాలు కేవలం ఛాయాచిత్రాలు. అక్షర గుర్తింపు జరగనిదే వాటి లోపలి పాఠం శోధనకు దొరకదు. అటువంటప్పుడు లోపలి వాక్యాన్ని కాక గ్రంథనామం, రచయిత, ప్రచురణ సంవత్సరంతో ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట్ల వెతకాలి.

మరొకటి కంటికి కనిపించని అక్షరం. 'శోధ్‌గంగ'లో 'ధ్' తరువాత 'గ' ఒత్తుగా మారకుండా ఒక అదృశ్య సంకేతం అడ్డుపడుతుంది. అది లేకపోతే 'శోధ్గంగ' అవుతుంది. రెండు రూపాలతోనూ వెతకడం మంచిది.

5. శోధన సంకేతాలు:
గూగుల్‌లో ఈ సంకేతాలు ఉపకరిస్తాయి.
అ) పదబంధాన్ని జంట ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచితే అదే వరుసలో వెతుకుతుంది. అరుదైన పదబంధానికే దీన్ని వాడాలి. ప్రత్యయం మారితే ఫలితం తప్పిపోవచ్చు.
ఆ) 'లేదా' అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాన్ని పెద్ద అక్షరాలలో రెండు రూపాల మధ్య ఉంచితే రెండింటినీ వెతుకుతుంది.
ఇ) వద్దనుకున్న పదానికి ముందు, ఖాళీ లేకుండా, తీసివేత గుర్తు పెట్టాలి. సినారె కవిత్వ విమర్శ కావలసినవారు సినిమా పాటల పుటలను ఇలా తగ్గించుకోవచ్చు.
ఈ) ఆంగ్ల లిపిలో 'సైట్' అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ లేకుండా చిరునామా ఇస్తే ఆ ఒక్క వెబ్‌సైటులోనే వెతుకుతుంది.

6. ఫలితాల నిర్ధారణ:
ఒకే తప్పు తేదీ పది పుటల్లో కనిపించవచ్చు. ఒకదాని నుండి మరొకటి నకలు చేసుకుంటే అవి పది ఆధారాలు కావు, ఒక్కటే. మొదటి ఫలితమే ప్రామాణికమూ కాదు. సిద్ధాంత గ్రంథాల కోసం గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధ్‌గంగను నేరుగా చూడాలి. ఎలక్ట్రానిక్ ప్రతుల సమర్పణను యు.జి.సి. తప్పనిసరి చేసింది 2009లో. అంతకు ముందరివన్నీ అందులో ఉంటాయని భావించరాదు. వాటికి విశ్వవిద్యాలయ గ్రంథాలయ పట్టికే దిక్కు.

7. ముగింపు:
ఫలితం శూన్యమైతే ఆధారం శూన్యమని కాదు. వెతికిన రూపం సూచికలో దొరకలేదని మాత్రమే అర్థం. ఏ పదాలతో, ఎక్కడ, ఏ తేదీన వెతికారో పరిశోధకులు నమోదు చేసుకోవాలి. 'పరిశోధన జరగలేదు' అనే వాక్యానికి ముందు ఆ నమోదు ఉండాలి. తార్నాక గదిలో మొదలైన శోధన ప్రాంగణంలోని గ్రంథాలయ బీరువా దగ్గర ముగిసినప్పుడే ఆ వాక్యం రాసే అర్హత లభిస్తుంది.