ఆంగ్లభాషా పఠనము - అందువలని వృత్తులు



హైదరాబాదు పడమటి దిక్కున మాదాపూరులో సైబర్ టవర్స్ అను భవనము 1998వ సంవత్సరమున ప్రారంభింపబడినది. నాటినుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మున్నగు చోట్ల గాజుమేడలు బారులు తీరినవి. వానిని చూచివచ్చిన మనవారు రెండుమాటలు చెప్పుదురు. ఇంజనీరింగు చదివినవారికే అక్కడ తావు గలదనునది యొకటి. ఇంగ్లీషు మాటలాడుట వచ్చిన చాలు, కొలువు దొరకుననునది రెండవది. ఇంటిలోని పిల్ల ‘నేను బి.ఏ.లో ఇంగ్లీషు చదివెద’నన్నప్పుడు ఈ రెండుమాటలే తీర్పరులై కూర్చుండును. రెండును సగము సత్యములే. ఎకరము భూమి నమ్మి బిడ్డకు నచ్చని చదువు చెప్పించుటకు ముందు, బిడ్డ కోరిన చదువెట్టిదో పెద్దలు తెలిసికొనుట మేలు.

మొదట నొక భేదమును గుర్తింపవలెను. ఇంగ్లీషు మాటలాడుట వేఱు. ఇంగ్లీషు మాధ్యమమున గణితమో, రసాయనశాస్త్రమో చదువుట వేఱు. ఇంగ్లీషునే శాస్త్రముగా నభ్యసించుట వేఱు. తెలుగు మాటలాడు ప్రతివాడును భారతమునకు అర్థము చెప్పలేడు గదా! ఇదియు నట్లే.

విశ్వవిద్యాలయమున ఇంగ్లీషు చదువువారు షేక్స్‌పియరు నాటకములను, డికెన్సు నవలలను చదువుదురు. ముల్క్‌రాజ్ ఆనంద్, ఆర్. కె. నారాయణ్ మొదలగు మనదేశపు ఆంగ్లరచయితలనును చదువుదురు. వానితోపాటు ధ్వనిశాస్త్రము, భాషాచరిత్ర, అనువాదము వంటి విషయములును ఉండును. మన పండితులు శ్లోకమునకు పదచ్ఛేదము చేయించి, అన్వయము కూర్పించి, తాత్పర్యము చెప్పించినట్లే, అక్కడను ఒక వాక్యమును పట్టి, కవి యిట్లేల చెప్పెను, వేఱొకరీతి చెప్పిన నర్థమెట్లు మాఱును అని విచారింతురు. ఈ విచారణశక్తియే ఆ చదువునకు ఫలము. ఉచ్చారణ దానికి పైనగ మాత్రమే.

ఈ విద్యకు మన నగరమున లోటులేదు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున, శాస్త్రములను ఉర్దూలో బోధించిన కాలమునందును ఇంగ్లీషు నిర్బంధ పాఠ్యాంశముగా నుండెను. ఇంగ్లీషు బోధనను మెఱుగుపఱచుటకై 1958లో ఒక కేంద్రసంస్థ యేర్పడినది. 1972లో విదేశభాషలును అందు చేరినవి. అదియే 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై, నేడు ఇఫ్లూ అను పేర తార్నాకలో నున్నది. 1974లో నెలకొన్న హైదరాబాదు విశ్వవిద్యాలయము గచ్చిబౌలిలోనే, ఆ గాజుమేడల చెంతనే యున్నది; అందును ఇంగ్లీషు శాఖ కలదు. ఉస్మానియాలోను, ఈ విశ్వవిద్యాలయములోను బోధించిన శివ్ కె. కుమార్ తన ఆంగ్లకవితలకు 1987లో సాహిత్య అకాడెమీ పురస్కారము నందిరి. 2019 నుండి తార్నాకలో మెట్రోరైలెక్కినవారు బండి మాఱకయే హైటెక్ సిటీలో దిగవచ్చును.

అక్కడి కొలువుల మాట వినుడు. ఇంజనీర్లు ఒక కంప్యూటరు సాధనమును నిర్మింతురు. దానిని దూరదేశమందలి ఆసుపత్రి గుమాస్తాయో, బ్యాంకు ఉద్యోగియో వాడుకొనవలెను. మొదట నేది నొక్కవలెను, పొరపాటు జరిగిన నేమి చేయవలెను అనునవి వారికి తెలియునట్లు వ్రాయువా డొకడు కావలెను. అతనిని టెక్నికల్ రైటరందురు. అతడు ఇంజనీరు నడిగి, తాను స్వయముగా వాడిచూచి, క్రమము తప్పక వ్రాయును. మన మెదకుసీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసకావ్యములకు వ్యాఖ్య వ్రాయుచు, ఆధారము లేనిదానిని వ్రాయరాదనియు, అక్కఱలేనిదానిని చెప్పరాదనియు నియమము పెట్టుకొనెను. ఈ రైటరు పనికిని అదియే నియమము. వీరు గాక, వ్రాతలను దిద్దు ఎడిటర్లు, సంస్థల ప్రకటనలు కూర్చువారు, ఉద్యోగులకు భాష నేర్పు శిక్షకులు, అనువాదకులు కలరు. విదేశీయులతో ఫోనున మాటలాడు కొలువులును కలవు. అమెరికాలో పగలైనప్పుడు మనకు రాత్రి గావున వానిలో పెక్కింట రాత్రి మేల్కొనక తప్పదు. అట్టి పనికొఱకే సాహిత్యము చదువ నక్కఱలేదు.

గాజుమేడలకు వెలుపలను దారులున్నవి. బి.ఏ. పిమ్మట రెండేండ్ల బి.ఎడ్. చదివినవారు ఉన్నతపాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయులు కావచ్చును. జూనియర్ కళాశాలకు ఎం.ఏ. వలయును, డిగ్రీ కళాశాలకు దానిపై నెట్, సెట్ వంటి పరీక్షయు గడువవలెను. పత్రికలు, న్యాయవాదము, సివిల్ సర్వీసు పరీక్షలు మున్నగువానికిని ఈ చదువు పునాది కాగలదు.

అయినను, పట్టము చేతికి రాగానే కొలువు వచ్చునని నేను చెప్పజాలను. 2022 చివర చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, అడిగినంతనే వాక్యములు వ్రాసియిచ్చు యంత్రములు లోకమున వ్యాపించినవి. సామాన్యమైన లేఖను, ప్రకటనను అవి క్షణములో వ్రాయును. కావున వాక్యము కూర్చుట మాత్రమే నేర్చినవారికి విలువ తగ్గును. అయితే అవి అసత్యమును గూడ అందమైన వాక్యమున చెప్పగలవు. చెప్పినది నిజమా, సందర్భమునకు తగునా, చదువువారి కర్థమగునా అని పరీక్షింపగలవారు కావలెను. పైన జెప్పిన విచారణశక్తి యిచ్చట నక్కఱకు వచ్చును.

మీ పిల్లకు ఈ చదువు తగునో తగదో మీరే కనిపెట్టవచ్చును; అందులకు మీకు ఇంగ్లీషు రానక్కఱలేదు. పాఠ్యపుస్తకము గాక మఱియొక ఇంగ్లీషు పుస్తకమును తనంతట చదివినదా యని యడుగుడు. చదివినదానిని మీకు తెలుగున చెప్పుమనుడు. మీకు తెలియునట్లు చెప్పగలిగిన, ఆ బిడ్డకు అర్థగ్రహణము కలదన్నమాట. ఉచ్చారణలోని కొఱతలు సాధనచే తీరును. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లకు మొదటియేడు కష్టము తోచవచ్చును గాని, అది యడ్డంకి కాదు. కళాశాలకు పోయి, విద్యార్థులచే ఎంత తఱచుగా వ్రాయింతురు, వ్రాసినదానిని దిద్దువారెవరు, గ్రంథాలయము తెఱచియుండునా అని విచారింపుడు. కంప్యూటరు పనిని, వీలైన మఱియొక భాషను గూడ నేర్వుమని బిడ్డకు చెప్పుడు. తెలుగును విడువవలదనియు చెప్పుడు. రెండుభాషల నడుమ నిలిచి అర్థము చెప్పగలవారికే అనువాదమున గాని, బోధనలో గాని అధికబలము కలుగును.

ఈ విచారణ యంతయు చేసినపిమ్మట మీరు ఔనన్నను, కాదన్నను, ఆ తీర్పు బిడ్డను చూచి చెప్పినదగును. మేడలను చూచి చెప్పినది కాదు.