నలభై మిల్లీమీటర్ల గాలి

కోస్తా పల్లెల్లో గ్రావెల్ అనేది ఎప్పుడో తెలుగు మాటైపోయింది. “వానలు పడకముందే పుంతకు గ్రావెల్ తోలించాలి” అని రైతులు అంటూనే ఉంటారు. ట్రాక్టరు ట్రక్కుల్లో ఎర్రగా వచ్చి దిగుతుంది అది. తెలంగాణలో దాన్నే మొరం అంటారు. అందుకే గ్రావెల్ సైకిల్ అనే పేరు మొదటిసారి విన్నప్పుడు నాకు కొత్తగా తోచలేదు. బండిని చూసినప్పుడే ఆశ్చర్యం కలిగింది. హ్యాండిలు రేసు సైకిల్‌కున్నట్టు కిందికి వంగి ఉంది. టైరేమో మా నాన్న తొక్కిన నల్ల సైకిల్ టైరంత లావు. ఈ రెండూ ఒకే ఫ్రేము మీదికి ఎలా చేరాయో అర్థం కావాలంటే రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1817 జూన్ 12న జర్మనీలోని మన్‌హైమ్ నుంచి కార్ల్ డ్రైస్ అనే అటవీ అధికారి తాను చేసిన రెండు చెక్క చక్రాల బండి మీద బయల్దేరాడు. దానికి పెడల్ లేదు, చైను లేదు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవడమే. పోనూ రానూ కలిపి సుమారు 13 కిలోమీటర్లు గంటలోపే ముగించాడు. అందుకు ఆ ప్రాంతంలో బాగున్న రోడ్డునే ఎంచుకున్నాడు. మిగతా దారులన్నీ గుర్రపు బండ్ల చక్రాలకు గాడులు పడి ఉండేవి. అలాంటి చోట ఆ బండి నడవక, కొన్నవాళ్లు కాలిబాటలెక్కారు. నడిచేవాళ్లు మొత్తుకున్నారు, పట్టణాలు నిషేధించాయి. సైకిల్ జాతకంలో మొదటి చిక్కు ఇదే: చక్రం సిద్ధంగా ఉంది, దారి లేదు.

1885లో ఇంగ్లండులోని కవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిల్‌తో ఈ యంత్రానికి ఇప్పటి రూపం చాలావరకు వచ్చేసింది. రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తు, వెనక చక్రానికి చైను. కానీ టైర్లు గట్టి రబ్బరువి. రాయి తగిలితే ఆ దెబ్బ నేరుగా వెన్నుకు తగిలేది.

ఆ దెబ్బను తగ్గించినవాడు బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్. కొడుకు ట్రైసైకిల్ రాళ్ల వీధిలో ఎగిరెగిరి పడటం చూశాడు. ఒక చెక్క చక్రం చుట్టూ పలుచని రబ్బరు గొట్టం అంటించి గాలి నింపాడు. పెరట్లో ముందుగా ట్రైసైకిల్ చక్రాన్ని, తర్వాత ఈ గాలి చక్రాన్ని దొర్లించాడు. గట్టి చక్రం మధ్యలోనే ఆగి పడిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటి గేటు స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. 1888లో పేటెంటు తీసుకున్నాడు. రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండ్ వాడు 1840ల్లోనే ఇదే ఊహకు పేటెంటు పొందాడని తర్వాత తేలి, డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. అయినా ఆ పెరటి ప్రయోగం మీద నాకు చెప్పలేనంత గౌరవం. రెండు చక్రాలు దొర్లించి చూడటం కన్నా సూటిగా ప్రకృతిని ప్రశ్న అడగడం కష్టం.

గాలి చక్రం ఎందుకు ఎక్కువ దూరం పోయింది? దారిలో గోలీకాయంత రాయి అడ్డొచ్చిందనుకుందాం. గట్టి చక్రం దాని మీదికెక్కాలంటే బండినీ మనిషినీ కలిపి పైకి లేపాలి. లేపడానికి పెట్టిన శక్తి అవతలికి దిగేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు, కుదుపుగా చెదిరిపోతుంది. గాలి టైరు ఆ రాయిని తనలోకి ఇముడ్చుకుంటుంది. రాయి తగిలినచోట మాత్రమే లోపలికి నొక్కుకుంటుంది, పైనున్న మనిషి పెద్దగా లేవడు. అంటే మెత్తదనం ఒంటి సుఖానికే కాదు, వేగానికీ పనికొస్తుంది. సైకిల్ లోకం ఈ పాఠాన్ని ఒకసారి నేర్చుకుని నూరేళ్లపాటు మరిచిపోయింది.

మరిచిపోవడానికి కారణం తారు రోడ్డు. ఆ రోడ్లు కావాలని ముందుగా గొంతెత్తినవాళ్లలో సైకిలిస్టులున్నారు. అమెరికాలో 1880లో పుట్టిన సైకిలిస్టుల సంఘం మంచి రోడ్ల కోసం ఏళ్ల తరబడి ఉద్యమించింది, అప్పటికి కార్ల కాలం ఇంకా రాలేదు. 1903లో తొలి టూర్ ద ఫ్రాన్స్ పందెం ఆరు అంచెల్లో 2,400 కిలోమీటర్లకు పైగా సాగినప్పుడు పోటీదారులు తొక్కింది ఎక్కువగా దుమ్ము రోడ్ల మీదే. ఆ తర్వాత రోడ్లు నునుపైనకొద్దీ పందెపు టైర్లు సన్నబడ్డాయి. 1990ల నాటికి 23 మిల్లీమీటర్లు, ఇంకా తక్కువ. వాటిలో రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టేవారు. నున్నటి ఇనుప డ్రమ్ము మీద టైరును తిప్పి చేసే పరీక్షలు కూడా ఎంత గాలి పెడితే అంత తేలిగ్గా దొర్లుతుందనే చెప్పాయి. డ్రమ్ము మీద అది నిజమే. కానీ డ్రమ్ముకు గుంతల్లేవు, దాని మీద మనిషీ కూర్చోలేదు. నిజమైన దారి మీద ఒక హద్దు దాటి గాలి పెంచితే బండి అదిరి, ఆ అదురు సైకిలిస్టు కండల్లో వేడిగా మారి వృథా అవుతుంది. సైకిల్ టైర్లను పరీక్షించిన యాన్ హైనె వంటివారు మనిషిని కూర్చోబెట్టి మామూలు రోడ్ల మీద చేసిన పరీక్షల్లో లావు టైరు సన్న టైరుకేమీ తీసిపోలేదని, గరుకు నేల మీద అదే మెరుగని తేలింది. డన్‌లప్ పెరట్లో కనబడిందే మళ్లీ కనబడింది.

ఈలోగా మట్టిని వదలనివాళ్లు అక్కడక్కడా ఉంటూనే వచ్చారు. బ్రిటన్‌లో 1955లో కొండదారుల్లో సైకిల్ తొక్కేవారు రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అనే సంఘం పెట్టుకున్నారు. 1976లో కాలిఫోర్నియా కొండల్లో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్ల మీద వాలులో పందేలు వేసుకున్నారు. దిగేసరికి వెనక బ్రేకులో గ్రీజు కాలిపోయేది, ప్రతిసారీ విప్పి మళ్లీ దట్టించాల్సి వచ్చేది. అలా పుట్టింది మౌంటెన్ బైక్. కొండ దిగడానికి దానికి సాటి లేదు. చదునైన మట్టి రోడ్డు మీద రోజంతా పోవాలంటే మాత్రం అది బరువు.

అలాంటి చదునైన మట్టి రోడ్లు అమెరికా నడిబొడ్డున లెక్కలేనన్ని ఉన్నాయి. 1785 నాటి చట్టం ప్రకారం అక్కడి నేలను మైలు పొడవు, మైలు వెడల్పు గళ్లుగా కొలిచారు. ఆ గళ్ల అంచుల వెంబడి రోడ్లు పడ్డాయి. పొలాలకు పోయే రోడ్లన్నింటికీ తారు వేయడం ఎవరి తరం? కంకర పోసి వదిలేశారు. అయొవా రాష్ట్రంలో 2005లో కొందరు ఔత్సాహికులు ఈ రోడ్ల మీదుగా రాష్ట్రాన్ని దాటే పోటీ పెట్టారు. మరుసటి ఏడాది కాన్సస్‌లోని ఎంపోరియా పట్టణంలో 34 మంది 200 మైళ్ల పందేనికి దిగారు. అంటే 320 కిలోమీటర్లు. దాని మొదటి పేరు అక్కడి కాన్సా ఆదివాసులను కించపరిచేలా ఉందన్న అభ్యంతరంతో 2020లో పేరు మార్చారు. ఇప్పుడది అన్‌బౌండ్ గ్రావెల్, వేలమంది వచ్చే పందెం.

ఆ నేల గురించి కొంచెం చెప్పాలి. ఎంపోరియా చుట్టూ ఉన్నవి ఫ్లింట్ హిల్స్, చెకుముకి రాతి గుట్టలు. సున్నపురాతి పొరల మధ్య చెకుముకి నిండిన ఆ నేలలో నాగలి దిగలేదు. అందుకే అమెరికా అంతటా దున్నేసిన పొడుగు గడ్డి మైదానం అక్కడ ఇంకా మిగిలి ఉంది. చెకుముకి పగిలితే కత్తి అంచులాగా పగులుతుంది. పూర్వం బాణపు ములుకులు చేసుకున్న రాయి అదే. ఆ రాయే సైకిల్ టైరు పక్క గోడను కోసేస్తుంది. ఆ పందేనికి జనం మొదట్లో చేతికందిన బండి తెచ్చుకున్నారు. రోడ్డు సైకిల్ టైర్లు చీలిపోయాయి. మౌంటెన్ బైకులు నెమ్మదించాయి. సైక్లోక్రాస్ సైకిళ్లు దగ్గరగా వచ్చాయి గానీ, గంటసేపు బురదలో మలుపులు తిరగడానికి చేసిన ఆ బండి మీద పదిహేను గంటలు కూర్చోవడం నరకం. గ్రావెల్ సైకిల్ ఏ ఒక్కరి కలలోనూ పుట్టలేదు. ఆ రాళ్లే దాన్ని అడిగి చేయించుకున్నాయి. 2012 ప్రాంతంలో ఈ పందేల కోసమే చేసిన ఫ్రేములు దుకాణాలకు వచ్చాయి. 2019లో సైకిల్ విడిభాగాల కంపెనీ షిమానో గ్రావెల్ కోసం విడిగా గేర్లు, బ్రేకులు తెచ్చింది. 2022లో ఇటలీలోని వెనెటోలో తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది.

బండిలో అసలు మార్పు చక్రం ఇరుసు దగ్గరుంది. పాత రేసు సైకిల్‌కి బ్రేకు రీమును పట్టుకుంటుంది. ఆ బ్రేకు చేతుల మధ్య ఎంత సందుంటే టైరు అంతే లావుండాలి. డిస్క్ బ్రేకు వచ్చి ఆ పట్టును ఇరుసు దగ్గరికి మార్చాక ఫోర్కును, వెనక గొట్టాలను ఎంతైనా ఎడం చేయొచ్చు. 40 మిల్లీమీటర్ల టైరు పట్టింది, దాని చుట్టూ బురద రాలిపోయేంత జాగా కూడా మిగిలింది. ముందు ఫోర్కును కాస్త ఎక్కువ వాలుగా పెట్టి, రెండు చక్రాల మధ్య దూరం పెంచారు. వదులు కంకరలో హ్యాండిలు దానంతటదే తిరిగిపోకుండా నిలబడటానికి అది. పెడల్ దగ్గర 40 పళ్లు, వెనక 42 పళ్లుండే గేరు పెట్టడంతో ఏటవాలు మట్టి దారిలో కూడా దిగి తోసుకుపోనక్కర్లేదు.

ఇక గాలి లెక్క చాలా తేలిక. వెనక చక్రం మీద 45 కిలోల బరువుందనుకోండి. 100 పీఎస్ఐ గాలి అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 7 కిలోలు. అప్పుడు నేలను తాకే జాగా ఆరున్నర చదరపు సెంటీమీటర్లు, బొటనవేలి ముద్రంత. గాలిని 40 పీఎస్ఐకి దించితే 16 చదరపు సెంటీమీటర్లు, ఇంచుమించు అగ్గిపెట్టెంత. కంకర మీద పట్టు ఆ తేడాలోనే ఉంది. సన్న టైరులో అంత గాలి తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రీము ట్యూబును నొక్కేసి పాము కాటులా రెండు బెజ్జాలు పెడుతుంది. లావు టైరులో రీముకూ రాయికీ మధ్య తగినంత గాలి ఉంటుంది. నేను రోడ్డు సైకిల్ మీద వికారాబాద్ గుట్టల్లోకి వెళ్లిన రోజున అరగంటలో రెండు ట్యూబులు పోగొట్టుకుని ఈ లెక్క నేర్చుకున్నాను.

ఈ బండి మన దగ్గరికి వస్తే ఏం చూస్తుంది? ముందు తన టైరునే చూస్తుంది. మన సైకిల్ షాపుల్లో తరతరాలుగా దొరికే 28 బై ఒకటిన్నర టైరు వెడల్పు సరిగ్గా 40 మిల్లీమీటర్లే. టైరు పక్కన 40-635 అని అచ్చు వేసి ఉంటుంది చూడండి. గ్రావెల్ సైకిల్ టైరు మీద 40-622 అని ఉంటుంది. రీము కొలతలో 13 మిల్లీమీటర్ల తేడా, అంతే. రెండు బస్తాలు కట్టుకుని పుంతలో పోయిన ఆ నల్ల సైకిళ్లకు ఎంత గాలి కావాలో రోడ్డే చెప్పింది. అందుకే మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట: లక్ష రూపాయల బండి కోసం ఆగకండి. ఉన్న సైకిల్‌కి పట్టినంత లావు టైరు వేయించండి. ఒక గాలి మీటరు కొనండి. ఒకే దారిలో మూడు రోజులు మూడు రకాల గాలితో పోయి చూడండి, మీ బరువుకు ఏది సరిపోతుందో చేతులే చెబుతాయి.

దారి ఎంచుకోవాలంటే మట్టిని తెలుసుకోవాలి. ఎర్ర చల్క నేల గ్రానైటు చివికి వచ్చింది, నీరు త్వరగా ఇంకిపోతుంది. రాత్రి వాన పడితే పొద్దుటికి దుమ్ము అణిగి పట్టు ఇంకా బాగుంటుంది. అనంతగిరి వైపు ఇనుము పాలు ఎక్కువున్న లేటరైటు ఎర్రమట్టి, అదీ మంచిదే. నల్లరేగడితోనే జాగ్రత్త. దాని బంకమన్ను నీరు తాగి ఉబ్బుతుంది, టైరుకూ ఫోర్కుకూ మధ్య పిడచ కట్టి చక్రాన్ని ఆపేస్తుంది. వాన వెలిశాక రెండు మూడు రోజులు ఎండ కాయనివ్వాలి. అసలు కొత్తవాళ్లకు కాలువ గట్టును మించిన బడి లేదు. నీరు పారడానికి కాలువకు అతి స్వల్పమైన వాలే ఇస్తారు కాబట్టి గట్టూ చదునుగానే సాగుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో విస్తరించిన కాలువల వెంట అలాంటి గట్లు ఎన్నో. తెలంగాణలో ఆ పని చెరువు కట్టలు చేస్తాయి.

ఉపగ్రహ పటంలో రెండు ఊళ్ల మధ్య సన్నటి గీత కనిపిస్తే అది చాలావరకు డొంకే. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాల్లో బండి బాటలను తెగిన గీతలతో చూపించారు, వాటిలో చాలా ఇప్పటికీ బతికే ఉన్నాయి. అయితే ఏది ఏడాది పొడవునా తెరిచి ఉంటుందో, ఏది పొలంలో కలిసిపోయిందో పటం చెప్పదు. గొర్రెల కాపరిని అడగాలి, పొద్దున్నే తాళ్లకు పోయే గీత కార్మికుణ్ని అడగాలి. “ఈ దారి ఎక్కడిదాకా పోతుందే తాతా?” అంటే ఎవరి చేను దాటాలో, ఎక్కడ నీళ్లు దొరుకుతాయో, ఏ ఊళ్లో కుక్కలు వెంటపడతాయో కూడా చెబుతారు. రిజర్వు అడవిలోకి మాత్రం అనుమతి లేకుండా పోకూడదు.

చివరిగా ముల్లు. కాన్సస్‌లో చెకుముకి ఉంటే మనకు సర్కారు తుమ్మ ఉంది, పల్లేరు ఉంది. కొమ్ముల మేక తలలా ఉంటుందని అమెరికా పడమటి రాష్ట్రాల్లో సైకిలిస్టులు తిట్టుకునే ముల్లు ఈ పల్లేరే, మన పాత ప్రపంచం నుంచి అక్కడికి చేరింది. దీనికి మందు ట్యూబులేని టైరు. లోపల కాసిని రబ్బరు పాల ద్రవం పోస్తారు. ముల్లు దిగగానే గాలితోపాటు ఆ ద్రవమూ బెజ్జంలోకి తోసుకొచ్చి గడ్డకట్టి దాన్ని మూసేస్తుంది. మన ఎండలకు అది తొందరగా ఆరిపోతుంది, రెండు మూడు నెలలకోసారి మళ్లీ పోయాలి. మొన్న ఒక చెరువు కట్ట దిగాక ముందు టైరులోంచి పదకొండు పల్లేరు ముళ్లు ఏరాను. ఒక్కొక్కటి లాగినప్పుడల్లా ‘స్స్’ మని చిన్న శబ్దం, తెల్లటి చుక్క, తర్వాత నిశ్శబ్దం. గాలి మీటరు పెట్టి చూస్తే 34 ఉంది. బయల్దేరినప్పుడు 36.