జాక్సన్ సాలమాండర్

చూడగానే బల్లి అనుకుంటాం. నిజానికి ఇది కప్పలకు చుట్టం, ఉభయచరం. మెరిసే పసుపు ఒళ్లు, వీపు పొడవునా ముదురు గోధుమ పట్టీ. మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో, కుచుమతానెస్ కొండల మీద ఎప్పుడూ మంచు పొగ కమ్ముకుని ఉండే అడవులే దీని ఇల్లు. 1975లో జెరెమీ జాక్సన్, పాల్ ఎలియాస్ అనే ఇద్దరు అమెరికన్ల కంటపడింది. ఆ తర్వాత 42 ఏళ్లు ఎవరికీ కనిపించలేదు. 2017లో మళ్లీ కనిపెట్టింది మాత్రం ఏ పెద్ద శాస్త్రవేత్తో కాదు, అక్కడి అభయారణ్యం కాపలాదారు! మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు ఓ పిల్ల సాలమాండర్ ఆయన కళ్లబడింది.

దీనికి ఊపిరితిత్తులుండవు. తడి చర్మంతోనూ, నోటి లోపలి పొరతోనూ గాలి పీల్చుకుంటుంది. చర్మం ఆరితే ఊపిరి ఆగినట్టే. అందుకే చెట్లు నరికి మొక్కజొన్న వేసినా, పశువులను మేపినా, నీడా తేమా పోయి దీనికి బతుకుండదు. వాతావరణం వేడెక్కి మేఘాలు పైపైకి జరిగితే ఇదీ పైకి పాకాలి, శిఖరం దాటాక వెళ్లేందుకు చోటేదీ? ఉభయచరాల చర్మాన్ని తినేసే కైట్రిడ్ శిలీంధ్రం భయం వేరే ఉంది.

కాస్త ఊరట ఏమిటంటే, 2015లో కొన్ని సంస్థలు కలిసి ఆ అడవిలో కొంత భూమి కొని అభయారణ్యంగా మార్చాయి. కాపలాదారుకు ఇది దొరికింది అక్కడే.