పాలపన్నును ఉపేక్షింపరాదు



మన సిద్దిపేట జిల్లా వర్గల్ శ్రీ విద్యాసరస్వతీ క్షేత్రంలో ఎందరో శిశువులకు అక్షరాభ్యాసం జరుగుతుంది. పలకపై దిద్దిన అక్షరం నోట స్పష్టంగా పలకాలంటే దంతపుష్టి అవసరం. తవర్గాన్ని, ల, స వర్ణాలను వ్యాకరణం దంత్యములన్నది అందుకే.

సంస్కృతంలో దంతానికి ‘ద్విజ’మని పేరు, రెండుమార్లు జన్మించునది అని అర్థం. ఆ రెండవ జన్మ ఉన్నదన్న ధైర్యంతోనే మనం మొదటిదానిని ఉపేక్షిస్తాము. నేనూ అదే తప్పు చేశాను. నాలుగేండ్ల మనుమడి దవడపంటిపై నల్లమచ్చ చూచి, “ఊడిపోయే పన్నే కదా” అన్నాను. కొన్నాళ్లకు చెంప వాచి, బిడ్డ రాత్రంతా ఏడ్చాడు.

దంతవైద్యులు చెప్పిన పిదప నాకు తెలిసివచ్చింది. పాలపళ్లు 20. ముందుపళ్లు ఆరేడేండ్లకు ఊడినా, దవడపళ్లు 10-12 ఏండ్ల వరకు ఉండవలసినవే. వాటి క్రిందనే శాశ్వతదంతం రూపుదిద్దుకొంటుంది. పైపన్ను చీము పట్టితే దానికీ హాని కలుగవచ్చు. పన్ను అకాలంలో పోతే ప్రక్కపళ్లు ఒరిగి, కొత్తదానికి చోటు చాలదు.

సుశ్రుతసంహిత ఈ వ్యాధిని కృమిదంతకమన్నది. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మార్చగా, అది పంటి పైపొరను కరిగిస్తుందని నేటి వైద్యుల వివరణ.

చికిత్స పుచ్చు లోతును బట్టి ఉంటుంది. పైపైన ఉంటే శుభ్రపరచి నింపుతారు. లోపలి గుజ్జుకు సోకితే, చెడిన భాగం తీసి మందు నింపి, పైన లోహపు తొడుగు వేస్తారు. నిలుపలేని పన్నును తీసివేసి, అవసరమైతే ఆ చోటు మూసుకొనకుండా చిన్న ఉపకరణం అమరుస్తారు. నొప్పి తగ్గినంత మాత్రాన రోగం పోయినట్లు కాదు. చెంపవాపు, జ్వరం ఉంటే ఆ రోజే వైద్యుని చూడాలి. చిగురుపై లవంగనూనె, పొగాకు వంటివి పెట్టరాదు.

తొలిదంతం రాగానే తోమడం ఆరంభించండి. ఫ్లోరైడ్ పేస్టు మూడేండ్ల లోపు బియ్యపుగింజంత, ఆరేండ్ల వరకు బఠాణీగింజంత చాలు. రాత్రి తోమిన పిదప నీరు తప్ప మరేదీ ఇవ్వరాదు, పాలసీసాతో నిద్రపుచ్చరాదు.

ప్రసాదాన్ని బిడ్డకు నిరాకరింపనక్కరలేదు. తిన్న వెంటనే నోరు పుక్కిలింపజేయండి. పుట్టినరోజున పిల్లలకు మిఠాయిలు పంచే దాతలు, వాటితోపాటు ఒక్కొక్క పళ్లకుంచె కూడా ఇస్తే ఆ దానం పరిపూర్ణమవుతుంది.

సర్వే జనాః సుఖినో భవంతు.