ఇన్‌స్టంట్ గీజరులో విద్యుత్ లీకేజీ రక్షణ

ఇన్‌స్టంట్ గీజరు అనగా కుళాయి తిప్పిన కొద్దిసేపటికే వేడినీటినిచ్చే గృహోపకరణము. దీనిలోని పాత్ర సాధారణంగా 1 నుండి 3 లీటర్ల నీరు పడుతుంది. 3 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 13 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. పాత్ర చిన్నది కావడం వలన స్నానం చేస్తున్నప్పుడు కూడా దీనిని ఆపకుండా వాడడం పరిపాటి. అందువలన లీకేజీ ఏర్పడితే తడి శరీరానికి నేరుగా షాక్ తగులుతుంది. ఈ ప్రమాదం నుండి కాపాడే ఏర్పాట్లు రెండు: ఎర్తింగ్, ఆర్.సి.సి.బి. ఒకటి ఉన్నదని రెండవది మానరాదు.

లీకేజీకి కారణాలు

నీటిని వేడిచేసే ఎలిమెంటులో లోహపు గొట్టం, దాని మధ్య నిక్రోమ్ తీగ, రెండింటి నడుమ దట్టించిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటాయి. ఈ పొడి వేడిని పోనిస్తుంది, విద్యుత్తును పోనివ్వదు. ఉప్పునీటి వలన గొట్టంపై సున్నపు పొర పేరుకుంటే వేడి బయటకు పోలేక గొట్టం పగులుతుంది. అప్పుడు విద్యుత్తు నీటిలోకి, లోహభాగాలలోకి వస్తుంది. చాలాకాలం వాడని ఎలిమెంటులోని పొడి తేమను పీల్చుకున్నా లీకేజీ కలుగుతుంది.

శరీరంపై ప్రభావం

సుమారు 1 మిల్లీ ఆంపియరు వద్ద జివ్వుమనిపిస్తుంది. 10 మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకొని, పట్టుకున్న వస్తువును వదలలేని స్థితి రావచ్చు. 30 మిల్లీ ఆంపియర్లకు మించి కొంతసేపు ప్రవహిస్తే గుండె లయ తప్పి మరణం సంభవించవచ్చు. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి ఇది ఐదువందల వంతు కంటే తక్కువ; కనుక ఎం.సి.బి. పడిపోదు. అది కాపాడేది తీగలను, మనిషిని కాదు.

ఎర్తింగ్ – రాతినేలలు

పార్వతీపురం మన్యం జిల్లా (2022కు పూర్వం విజయనగరం జిల్లా) లోని కురుపాం తూర్పు కనుమల ప్రాంతంలో ఉంది. కొండ ప్రాంతాలలో చలికాలపు వేడినీటి అవసరం ఎక్కువ. అయితే రాతినేలలోనూ, తేమ ఆరిన నేలలోనూ ఎర్తు నిరోధం పెరుగుతుంది. ఉదాహరణకు ఎర్తు మార్గపు మొత్తం నిరోధం 50 ఓములు అనుకుంటే, ఫేజ్ తీగ లోహభాగానికి తగిలినప్పుడు ప్రవహించేది 230 ÷ 50 = 4.6 ఆంపియర్లు మాత్రమే. దీనికి 16 ఆంపియర్ల ఎం.సి.బి. పడిపోదు; గీజరు లోహభాగంపై ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అయితే వెంటనే పడిపోతుంది.

ఆర్.సి.సి.బి. పనిచేసే విధానం

రెసిడ్యువల్ కరెంట్ సర్క్యూట్ బ్రేకరుకు ఇది సంక్షిప్త నామం. వాడుకలో దీనిని ఇ.ఎల్.సి.బి. అని కూడా అంటారు. ఫేజ్, న్యూట్రల్ తీగలు రెండూ ఒక ఇనుప వలయం గుండా వెళతాయి. వెళ్ళే విద్యుత్తు, తిరిగివచ్చే విద్యుత్తు సమానమైతే వాటి అయస్కాంత ప్రభావాలు రద్దవుతాయి. కొంత విద్యుత్తు నేలలోకి పోతే తేడా ఏర్పడి, వలయానికి చుట్టిన మరొక తీగచుట్టలో వోల్టేజీ పుట్టి స్విచ్చిని విడదీస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడాకు ఇది 0.3 సెకనులోపు జరగాలి. ఇదే సూత్రంపై అమెరికాలో చార్లెస్ డాల్జియల్ 1961లో 5 మిల్లీ ఆంపియర్లకే పనిచేసే సాధనాన్ని రూపొందించాడు.

ఎర్తింగ్ ఉన్నచోట ఎవరూ తాకకముందే ఆర్.సి.సి.బి. పడిపోతుంది. ఎర్తింగ్ లేనిచోట మనిషికి షాక్ తగిలిన తరువాతనే పడిపోతుంది.

పరిమితులు

ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి తాకిన వ్యక్తిని ఇది కాపాడలేదు. అధికభారం నుండి రక్షణ దీని పని కాదు, అందుకు ఎం.సి.బి. ఉండవలసిందే.

జాగ్రత్తలు

* ఎర్తు తీగ లేని ఇళ్ళలో సాకెట్టు ఎర్తు పిన్నును న్యూట్రల్‌కు కలపరాదు. న్యూట్రల్ తెగితే గీజరు లోహభాగాలకు పూర్తి వోల్టేజీ వస్తుంది. పైగా లీకైన విద్యుత్తు న్యూట్రల్ గుండానే తిరిగిపోవడం వలన ఆర్.సి.సి.బి. దానిని గుర్తించలేదు.
* ఆర్.సి.సి.బి.పై గల 'టి' మీటను నెలకొకసారి నొక్కి చూడాలి. ఇది ఆ సాధనాన్ని మాత్రమే పరీక్షిస్తుంది. ఎర్తింగ్‌ను విడిగా కొలిపించాలి.
* తరచుగా పడిపోతున్నదని ఆర్.సి.సి.బి.ని తొలగించరాదు, ఎలిమెంటును పరీక్ష చేయించాలి.
* ఎర్తింగ్ సరిగా ఉన్నదో లేదో తెలియనిచోట బకెట్టు నింపుకొని, స్విచ్చి ఆపిన తరువాతనే స్నానం చేయడం మేలు.