క్రింద అంగడి, మీద ఇల్లు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మనవారి సామెత. ఒక కుటుంబము తలదాచుకొనుటకు చిన్న ఇల్లు కట్టుటయే అంత శ్రమతో కూడిన పని యైనపుడు, ఒకే కప్పు క్రింద పది అంగళ్లును ఇరువది కాపురములును ఇముడునట్లు భవనము నిర్మించుట ఎంతటి కార్యమో ఊహింపవచ్చును. తిరుపతి, చిత్తూరు పట్టణములలోని పెద్ద వీథులలో నడచువారికి ఇట్టి భవనములు అడుగడుగునను కానవచ్చును. నేలమీది అంతస్తులో మందుల దుకాణము, బట్టల అంగడి, ఫలహారశాల. దానిపైన వైద్యుని గదియో, ఏదేని కార్యాలయమో. ఆపైన వరుసగా కాపురములు. పై వసారాలలో ఆరవేసిన బట్టలును, తులసి కుండీలును వ్రేలాడుచు, నిలుచుచు నుండును.

చూచుటకు ఇది పెట్టెమీద పెట్టె పేర్చినట్లే యుండును. కాని దానిని రూపొందించు వాస్తుశిల్పికి ఒక చిక్కు ఎదురగుచున్నది. అంగడికి కావలసినది జనుల రాకపోకలు. ఇంటికి కావలసినది ప్రశాంతి. అంగడి ఎల్లప్పుడును వీథివైపు తెరచి యుండవలయును. ఇల్లు తలుపు మూసికొనుటకు వీలుగా నుండవలయును. ఒకదానివలన మరియొకదానికి హాని కలుగకుండ ఈ రెండింటిని ఒక్కచోట నిలుపుట యెట్లు?

ఈ కలయిక క్రొత్తది కాదు. తిరుపతి గోవిందరాజస్వామి ఆలయము చుట్టును పెరిగిన ఊరు. కొండకు పోవు యాత్రికులకు బస, భోజనము, పూజాద్రవ్యములు కావలసి యుండెను గనుక ఆలయమును చుట్టియున్న వీథులలో అంగడియు ఇల్లును కలిసియే పెరిగినవి. పూర్వపు ఇండ్లలో వీథివైపు తిన్నె, దాని వెనుక సరకు లుంచు గది, ఆ వెనుక వంటయిల్లును పెరడును ఉండెడివి. కలిగినవారు పైన మిద్దె వేసికొనెడివారు. టేకు దూలములపై సన్నని ఇటుకలను నిలువుగా పేర్చి, వానిపై సున్నపు కాంక్రీటు పరచి అదిమిన ఆ కప్పునకు మద్రాసు టెర్రసు అని పేరు.

ఆ ఇండ్లలో ఒక విశేషము గమనింపదగినది. అంగడి యజమానియు ఇంటి యజమానియు ఒక్కడే. తన భార్యాబిడ్డలు నిద్రించు చోట నిప్పు రగులకుండ అతడే చూచుకొనెడివాడు. తన ఇంటి గోడను తానే పడగొట్టుకొనెడివాడు కాడు. నేటి భవనములలో క్రింద అంగడి నడపువా డొకడు, పైన నివసించువా రింకొకరు. తరచుగా వారి కొకరి పేరొకరికి తెలియదు. నాడు గృహస్థుని వివేకము చేసిన పనిని నేడు భవనము యొక్క అమరికయు, నియమములును చేయవలసి యున్నది. ఆధునిక భవన నిర్మాణమునందలి మర్మ మంతయు ఇందులోనే కలదు.

ఇతర దేశములవారును ఈ సమస్యను ఎదుర్కొనిరి. ప్రాచీన రోము నగరములో క్రింద అంగళ్లు, పైన పేదల కాపురములు గల ఎత్తైన ఇండ్లు వందలకొలదిగా నుండెడివి. అవి కూలుటయు, అగ్నికి ఆహుతి యగుటయు సామాన్యమయ్యెను. అందుచేత అగస్టస్ చక్రవర్తి వాని యెత్తు 70 అడుగులకు మించరాదని శాసించెను. మన హైదరాబాదులో 1908వ సంవత్సరపు మూసీ వరదల తరువాత నగరమును బాగుచేయుచు, చార్మినారు చెంత పత్తర్‌గట్టి అను రాతి కట్టడములను నిర్మించిరి. వానియందు క్రింద కమానుల వెనుక అంగళ్లును, పైన నివాసములును ఏర్పరచిరి. ఫ్రాన్సు దేశమునందలి మార్సెయి నగరములో, చండీగఢ్ నగరమునకు రూపకల్పన చేసిన లె కార్బుజియే యను శిల్పి 1952లో ముగించిన భవనమున 337 ఇండ్లు కలవు. అందు అంగళ్లు నేలపై గాక భవనము నడుమ అంతస్తులలో ఒక వీథివలె నున్నవి. కప్పుపైన పసిపిల్లల బడికి చోటు కల్పింపబడినది.

ఇక నేటి భవనము ఎట్లు నిలుచుచున్నదో చూతము. తిరుపతికి 12 కిలోమీటర్ల దూరమున నున్న చంద్రగిరి కోటలోని రాజమహలు మూడంతస్తుల కట్టడము. విజయనగర రాజుల కాలమునాటి ఆ మహలులో కొయ్య వాడలేదు. రాయి, ఇటుక, సున్నములతోనే కట్టిరి. అచ్చట బరువును మోయునవి దళసరి గోడలును, కమానులును. అట్టి కట్టడమునందు గోడయే బలము. క్రింది గోడను తొలగించి విశాలమైన అంగడి చేయుటకు వీలులేదు.

కాంక్రీటు వచ్చిన పిదప ఈ పద్ధతి మారెను. సిమెంటు, ఇసుక, కంకర, నీరు కలిసి గట్టిపడిన కాంక్రీటు మిక్కిలి నొక్కుడును ఓర్చుకొనును. కాని సాగదీసినచో చిట్లును. ఇనుపకమ్మి సాగదీతకు లొంగదు. రెండు కొనలయందును ఆనిన దూలముపై బరువు పెట్టినపుడు దాని పైభాగము నొక్కుకొనును, క్రిందిభాగము సాగును. కావున క్రిందిభాగమున ఇనుపకమ్ములు పెట్టి కాంక్రీటు పోయుదురు. ఒకదాని లోపమును మరియొకటి తీర్చును. ఇట్టి భవనమునందు కప్పు తన బరువును దూలములకు, దూలములు స్తంభములకు, స్తంభములు పునాదికి, పునాది భూమికి అప్పగించును. ఇది మానవదేహమునందలి ఎముకల గూడు వంటిది. గోడలు చర్మమువలె ఎండవానలను ఆపుటకు మాత్రమే. అందువలననే క్రింది అంతస్తులో గోడలు లేకుండ విశాలమైన అంగళ్లు ఏర్పరచి, పైన గోడలతో కూడిన ఇండ్లు కట్టుట సాధ్యమైనది.

అయితే ఈ సౌకర్యములోనే ఒక అపాయము పొంచి యున్నది. పై అంతస్తులలో ఇటుకగోడలు దట్టముగా నుండుటచే అవి బిగువుగా నుండును. క్రింద గోడలు లేక స్తంభములు మాత్రమే యుండుటచే ఆ అంతస్తు మెత్తన యగును. భూమి కంపించినపుడు ఊగిసలాట అంతయు ఆ క్రింది స్తంభములమీదనే పడును. 2001 జనవరి 26వ తేదీన గుజరాతులో భూకంపము సంభవించినపుడు, దాని కేంద్రమునకు 200 కిలోమీటర్లకు పైగా దూరమున నున్న అహమ్మదాబాదులో సైతము, క్రింది అంతస్తు తెరపిగా వదలిన పెక్కు భవనములు కూలినవి. కావున క్రింది స్తంభములను ఎక్కువ బలముగా కట్టవలయును. మెట్లచుట్టును, లిఫ్టుచుట్టును పునాదినుండి కప్పువరకు కాంక్రీటు గోడలు నిలుపవలయును.

కట్టిన పిదప మార్చుటయు అపాయకరమే. దక్షిణ కొరియా రాజధాని సియోలులో నివాసభవనముగా తలపెట్టిన కట్టడమును పెద్ద అమ్మకశాలగా మార్చిరి. కదలెడు మెట్లు అమర్చుటకై స్తంభముల బలమును తగ్గించిరి. పైన ఇంకొక అంతస్తు వేసిరి. కప్పుమీద భారీ శీతలీకరణ యంత్రములు పెట్టిరి. 1995 జూన్ 29వ తేదీ సాయంకాలము జనులు సరకులు కొనుచుండగా అది కూలి 502 మంది మరణించిరి. అంగడి వెడల్పు చేయదలచి స్తంభమును చెక్కించువాడు తన అంగడిని గాక పైనున్న కుటుంబములనే చెక్కుచున్నాడని దీనివలన తెలియుచున్నది.

బలము తరువాత చూడవలసినది దారి. మంచి భవనములో అంగళ్లకు వచ్చువారి ద్వారము వేరు, ఇండ్లకు పోవువారి ద్వారము వేరు. అంగళ్లు పెద్ద వీథివైపునకును, ఇండ్ల మెట్లును లిఫ్టును ప్రక్కవీథివైపునకును ఉంచుదురు. ఇందువలన సరకులబండి వచ్చినపుడు బడికి పోవు పిల్లలకు అడ్డము కాదు. రాత్రి అంగళ్లు మూసిన పిదప నివాసులు భయములేక తమ ద్వారమున ప్రవేశింతురు. నడుమ కార్యాలయముల అంతస్తు ఉన్నచో అది క్రింది సందడిని పైకి రానీయక తెరవలె పనిచేయును. కార్యాలయములు సాయంకాలము మూతపడుటచే రాత్రి ఇండ్లవారికి నిశ్శబ్దము లభించును.

మెట్లు దారి మాత్రమే కావు. ఆపదలో ప్రాణములు కాపాడునవి. నిప్పు పుట్టినపుడు మంటకంటె ముందు పొగ పైకెక్కును. క్రింది ఫలహారశాలలో నిప్పంటుకొన్నచో ఆ పొగ మెట్లదారినే పట్టి పై అంతస్తులకు పోవును. కావున అంగడి తలుపు ఇండ్ల మెట్లలోనికి తెరచుకొనరాదు. నిప్పు నాపు గోడయు, తలుపును వాని నడుమ నుండవలయును. 2016లో ప్రచురితమైన జాతీయ భవన నియమావళి 15 మీటర్లు, అంతకు పైబడిన భవనములను ఎత్తైన భవనములుగా పరిగణించి, వానికి ఒకటికి మించి మెట్లదారులను విధించినది. అగ్ని సమయమున లిఫ్టు ఎక్కరాదు. విద్యుత్తు ఆగినచో అది నడుమనే నిలిచిపోవును. మెట్లపై సరకుల పెట్టెలు, పాత సైకిళ్లు, గ్యాసు బుడ్లు పెట్టుట చాలచోట్ల కనబడు అలవాటు. పొగలో కన్ను కానరానివానికి ఆ పెట్టెయే మృత్యువగును.

ఇక వెలుతురు, గాలి. తిరుపతిలో వేసవియందు వేడి 40 డిగ్రీలు దాటుట కలదు. మధ్యాహ్నము దాటిన పిదప పడమటి యెండ గోడలను మిక్కిలి కాల్చును. అందుచేత తెలిసిన శిల్పి పడమటివైపున మెట్లు, స్నానపుగదులు మొదలగువానిని ఉంచి, పడకగదులకు నీడ కల్పించును. కిటికీలపై సజ్జాలు వేసి ఎండవానలను ఆపును. పెద్ద భవనము నడుమ చావడివలె చోటు వదలినచో లోపలి గదులకును గాలి వెలుతురులు వచ్చును. ఎదురెదురుగా కిటికీలున్నపుడే గాలి లోనికి వచ్చి బయటికి పోవును. ఒక్కవైపు కిటికీ యున్నచో అది వచ్చిన దారినే తిరిగి పోవలయును. ఫలహారశాల పొయ్యిపొగకు ప్రత్యేకమైన గొట్టము కప్పుపైవరకు ఉండవలయును. లేనిచో ఆ పొగ పై కిటికీలలోనికే చేరును.

నీటి విషయమున మరింత జాగ్రత్త అవసరము. ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము తూగును. కప్పుపై 20,000 లీటర్ల తొట్టి కట్టినచో 20 టన్నుల బరువు ఎల్లప్పుడును స్తంభములపై నుండునన్నమాట. కావున తొట్టిని ఇష్టమువచ్చినచోట గాక స్తంభములపైననే నిలుపుదురు. అంగళ్లకును ఇండ్లకును నీటి లెక్కలు వేరుగా నున్నచో వివాదములు పుట్టవు. ఫలహారశాలనుండి పారు జిడ్డునీరు మురుగుగొట్టములలో గడ్డకట్టి వానిని మూసివేయును. దానిని ముందుగా ఒక తొట్టిలో నిలిపి, జిడ్డు తేలిన పిదప క్రింది నీటిని మాత్రమే వదలవలయును.

దక్షిణ రాయలసీమకు అక్టోబరు, నవంబరు నెలలలో బంగాళాఖాతపు వాయుగుండములవలన భారీవర్షములు కురియుచుండును. 2021 నవంబరులో తిరుపతి వీథులు జలమయములైనవి. స్వర్ణముఖి పొంగి పారెను. శేషాచలమునుండి దిగు నీరు పల్లపు ప్రదేశములను వెదకికొనును. భవనము క్రింద త్రవ్విన నేలమాళిగయే దానికి దొరకు మొదటి పల్లము. విద్యుత్తు పెట్టెలను, నీటి యంత్రములను అచ్చట పెట్టినచో ఒక్క రాత్రి వానకు భవన మంతయు చీకటిలో పడును. వానిని ఎత్తున నిలుపుటయు, వాననీటిని ఇంకుడుగుంతలకు మళ్లించుటయు వివేకము.

ఇన్ని జాగ్రత్తలు కావలసిన ఈ భవనములు ఎందుకని యెవరైన అడుగవచ్చును. తిరుపతికి ఉత్తరమున కొండలు అడ్డముగా నున్నవి. ఆవైపు ఊరు వ్యాపించుటకు చోటులేదు. 1886లో పురపాలక సంఘముగా ఏర్పడి, 2007లో నగరపాలక సంస్థయైన ఈ ఊరిలో నివాసులతోపాటు నిత్యము వేలకొలది యాత్రికులకును చోటు కావలయును. అంగడియు, ఇల్లును దగ్గరగా నున్నచో పొలములు మిగులును, ప్రయాణము తగ్గును. వృద్ధురాలు మెట్లు దిగి కరివేపాకు తెచ్చుకొనగలదు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరము వచ్చినచో మందు క్రిందనే దొరకును. అంగళ్ల దీపములు వెలుగుచుండు వీథిలో ఒంటరిగా నడచువారికి ధైర్యము కలుగును.

శిల్పి తన పని ముగించి వెడలిపోవును. భవనము మాత్రము తరతరములు నిలువవలయును. పిమ్మట దానిని కాపాడవలసినవారు అందు వసించువారే. స్తంభమును చెక్కకుండుట, మెట్లను ఖాళీగా నుంచుట, మురుగుదారిని మూయకుండుట అను మూడు పనులు చిన్నవిగా తోచును. వీనిని ఇంటివారును అంగడివారును కలిసి పాటించినచో, ఒకరి పేరొకరికి తెలియకపోయినను, వారు పూర్వపు తిన్నె యింటివలె ఒక్క యింటివారే యగుదురు. బడికి పోవు బాలబాలికలు తామెక్కి దిగు మెట్లు నేడు ఖాళీగా నున్నవో లేవో తామే చూడవచ్చును.